సివంగి పునరాగమనము

చచ్చినవారిని బ్రతికించు విద్య మన పురాణములలో శుక్రాచార్యునికే చెల్లినది. ఇప్పుడా విద్య తమకును పట్టువడినదని చెప్పువారు అమెరికాలో బయలుదేరిరి. టెక్సాసులోని కొలోసల్ అను కంపెనీవారు, పదివేల యేండ్లకు పూర్వమే నశించిన డైర్ వుల్ఫు అను పెద్ద జాతి తోడేలును మరల పుట్టించితిమని 2025 ఏప్రిలులో చాటిరి. వారు చేసినదేమన, ప్రాతయెముకలలో దొరకిన జన్యువుల ననుసరించి నేటి బూడిదరంగు తోడేలు కణములలో 20 చోట్ల మార్పులు చేసి, ఆ పిండములను పెంపుడు కుక్కల గర్భములలో పెంచి, మూడు పిల్లలను పుట్టించుట. అవి తెల్లనివి, బలిష్ఠములు, చూడముచ్చటయైనవి. అవి డైర్ వుల్ఫులు కావు, మార్చబడిన తోడేళ్లేయని ప్రకృతి సంరక్షణ మహాసంఘమునకు చెందిన తోడేళ్ల పండితులు వెంటనే ప్రకటించిరి. పేరునుగూర్చిన యీ వివాదమును శాస్త్రజ్ఞులకే విడుతము.

మాకు తోచిన ప్రశ్న వేఱు. నశించిన జంతువును మరల తెచ్చుట సాధ్యమైనచో, అది మంచిపనియేనా? ఈ ప్రశ్నకు శాస్త్రశాలలో జవాబు దొరకదు. జంతువెందుకు నశించెనో ఆ చరిత్రలోనే వెదకవలెను.

పంచతంత్రమున నలుగురు మిత్రుల కథ చదువరు లెరుగుదురు. అడవిదారిలో పడియున్న యెముకలను ఒకడు కూర్చెను. ఒకడు చర్మమాంసములు కల్పించెను. మూడవవాడు ప్రాణము పోయబోవుచుండగా, చదువు లేకున్నను తెలివిగల నాలుగవవాడు, అది సింహము సుమా యని చెప్పి చెట్టెక్కెను. ఆ కథలో భయము మనుష్యులది. నేడు కథ తలక్రిందైనది. లేచిన సింహమువలన మనకు భయము లేదు. మనవలన దానికే భయము. అది లేచి యెక్కడికి పోవలెను? ఏమి తినవలెను? ఏ బీడు తనదనుకొనవలెను? ఎముకలు కూర్చినవారిలో ఒక్కడైనను ఈ మాట అడిగినట్లు కథలో లేదు.

దీనికి ఉదాహరణముగా దూరదేశపు తోడేలుకంటె మన సివంగి కథ మేలు. సివంగి యనగా నేడు చాలమంది ఆడుసింహ మనుకొందురు. కోపించి మీదికి వచ్చిన స్త్రీని సివంగి యనుటయు వాడుకయే. ఆడుది ఎదురు మాటాడినంతనే అడవిమృగము జ్ఞప్తికి వచ్చు సమాజము మనది! అది యట్లుండనిండు. వేటకు మచ్చిక చేసి వాడిన చుక్కలమృగమునకు ప్రాతనిఘంటువులలో ఈ పేరు కనబడును. పత్రికలవారు చీతా యనుచున్నారు. ఆ మాటకును మూలము సంస్కృతమునందలి చిత్రక శబ్దమే. ఇది చిరుతపులి కాదు. సన్ననినడుము, పొడవైన కాళ్లు, కన్నుల కొలకులనుండి నోటివఱకు కారిన కన్నీటిచారలవంటి రెండు నల్లని గీతలు దీని గుఱుతులు. దీనికి చెట్ల గుబురులతో పనిలేదు. ఇఱ్ఱులు మేయు విశాలమైన గడ్డిబీడు కావలెను, పరుగెత్తుటకు చోటు కావలెను.

మన దేశమున సివంగితో వేటాడుటనుగూర్చిన ప్రాచీనమైన వ్రాతలలో నొకటి, తెలుగునేలలో కొంతభాగమును కూడ ఏలిన కల్యాణి చాళుక్యుల కొలువునుండి వచ్చినది. మూడవ సోమేశ్వరుడు (1127–1138) వ్రాయించిన మానసోల్లాసమున ఈ వినోదము వర్ణింపబడినది. మొగలాయీల కాలమున ఇది పరాకాష్ఠ నందెను. అక్బరు పాదుషా వేయి సివంగులను కూడబెట్టెనని ఆయన కుమారుడు జహంగీరు తన స్వీయచరిత్రమున వ్రాసికొనినాడు. అందులోనే మఱియొక ముచ్చట గలదు. చరిత్రకారులు వింతగా చెప్పి విడుచు ఈ ముచ్చటలోనే సివంగి నాశనమునకు సూత్రము దాగియున్నదని మా యభిప్రాయము.

అక్బరు తన సివంగులు జతగూడి పిల్లలను కనవలెనని ఎంతయో కోరెను. ఎన్ని యుపాయములు పన్నినను అవి జతగూడలేదు. జహంగీరు కాలమున, 1613 ప్రాంతమున, ఒక మగ సివంగి మెడపట్టెడ తప్పించుకొని పోయి ఆడుదానిని చేరెను. రెండున్నర నెలలకు మూడు పిల్లలు పుట్టి పెరిగినవి. పాదుషా దీనిని ఆశ్చర్యముగా వ్రాసియుంచెను. ఆశ్చర్యమే! 1956లో అమెరికాలోని ఫిలడెల్ఫియా జంతుశాలలో సివంగి యీనువఱకు, చెఱలో సివంగి పిల్లలు పుట్టినట్లు తెలియవచ్చినది ఈ యొక్క సందర్భమే. ప్రపంచమునందలి ధనమంతయు దగ్గరనున్న చక్రవర్తికి చేతగానిది, పట్టెడ ఊడిన ఒక్క మృగము చేసెను.

దీని ఫలితము ఆలోచింపుడు. గుఱ్ఱములు, కుక్కలు రాజుల కొలువున పెంపకముచేతనైనను నిలిచెను. సివంగి యట్లు కాదు. కొలువులోని ప్రతి సివంగియు అడవినుండి పట్టి తెచ్చినదే. తల్లివద్ద వేట నేర్వని కూన పనికిరాదు గనుక పెరిగినవానినే పట్టుచుండిరి. అనగా, ఈనదగిన వయసుననే వానిని బీటినుండి తీసివేయుచుండిరి. కొలువునకు చేరిన ఒక్కొక్క జంతువుతో బీటిలో ఒక సంసారము అంతరించెను. ప్రేమచేతనే యీ పని జరిగినది. బంగారుగొలుసులు, పట్టు కళ్లగంతలు, మోయుటకు బండ్లు, సేవకులు! ద్వేషించిన జంతువుకంటె ముద్దుచేయబడిన జంతువే ముందు నశించుట చరిత్రలో కొత్తగాదు.

తెలుగుదేశపు సంస్థానములలోను ఈ వేట సాగినది. 1880లో విశాఖపట్టణమున గవర్నరు ఏజెంటుగా నుండిన ఇర్విను దొరను, విజయనగరము రాజావారి సివంగి యొకటి వేటలో గాయపఱచగా ఆయన మరణించెను. మన దేశమున సివంగివలన మనుష్యుడు చనిపోయినట్లు వ్రాతమూలకముగా తెలియవచ్చునది ఇదొక్కటే. అదియు చెఱలోని సివంగి, అడవిది కాదు. ఇంత సాధువైన మృగమును క్రూరమృగముల పట్టీలో చేర్చి, దాని తలకును వెలకట్టి, చంపినవారికి దొరతనమువారు బహుమానము లిచ్చిరి.

అయినను తుపాకికంటె, బహుమానముకంటె, దానిని ఎక్కువగా చంపినది ఒక మాట యని మేము తలంతుము. ఆ మాట బంజరు. రెవెన్యూ లెక్కలలో పన్ను రాని నేల యంతయు బంజరే. దున్నిన పొలమునకు విలువ. కలపనిచ్చు అడవికి విలువ. ఇఱ్ఱులు, బట్టమేకపిట్టలు, నక్కలు, కుందేళ్లు, గొఱ్ఱెలకాపరులు బ్రతుకు గడ్డిబీటికి మాత్రము విలువ సున్న. అట్టి నేలను దున్నినచో మెప్పు, చెట్లు నాటినచో పుణ్యము. గొల్లవానికి మాత్రమే అది బంజరు కాదని తెలియును. వానిని ఎవరడిగిరి? దొరలు వెడలినను ఆ లెక్కపుస్తకము వెడలలేదు. గాలిమరలు, సూర్యకాంతిపలకలు నిలుపుటకును మొదట చూపబడునది ఈ నేలయే.

ఇరువదవ శతాబ్ది తొలిభాగమునకే వేటకు తగినన్ని సివంగులు మన దేశమున దొరకకపోయెను. భావనగరు, కొల్హాపురము వంటి సంస్థానముల ప్రభువులు ఆఫ్రికానుండి తెప్పించుకొనిరి. కావున విదేశపు సివంగిని మన నేలకు తెచ్చుట 2022లో పుట్టిన యూహ కాదు. ఇంటిలో నూతి నీరు ఇంకగా పొరుగూరి నీటిని కుండలతో తెచ్చుకొనుట వంటిది. ఇంకుటకు కారణము నారసినవారు లేరు.

1947లో నేటి ఛత్తీసుగఢములోని కొరియా సంస్థానాధిపతి ఒక రాత్రివేళ మూడు సివంగులను కాల్చి చంపెను. మూడును మగవి, ఒక్క యీతలోనివిగా తోచినవి. సందేహము లేకుండ నమోదైన కడపటివి ఇవియే యందురు. 1952లో బొంబాయి ప్రకృతిచరిత్ర సంఘమువారి పత్రికలో, చిత్తూరు జిల్లాలో ఒక సివంగి కనబడినట్లు ఒక లేఖ అచ్చయినది. ఆ కడపటి సాక్ష్యములలో ఒకటి మన తెలుగునేలదే యగుట మనస్సును కలచును. ఆ సంవత్సరమే సివంగి నశించినట్లు ప్రభుత్వమువారు ప్రకటించిరి.

ఇక పునరుజ్జీవన ప్రయత్నముల కథ. ఆసియా సివంగి ఇరానులో మాత్రము కొలదిగా మిగిలెను. ఈ శతాబ్ది తొలి సంవత్సరములలో హైదరాబాదునందలి కణ, అణుజీవశాస్త్ర పరిశోధనాలయము, అనగా సి.సి.ఎం.బి., వారు ఇరాను సివంగి కణములనుండి క్లోనింగు పద్ధతిచే సివంగిని పుట్టింపవచ్చునని ప్రతిపాదించిరి. సజీవమైన జంటనైనను, కణములనైనను ఇమ్మని ఇరానును కోరిరి. ఇరాను నిరాకరించెను. ఆ ప్రయత్నము అంతటితో ఆగినది. మన శాస్త్రజ్ఞుల శక్తియందు మాకు సందేహము లేదు. కాని అప్పటి చర్చలలో సివంగిని ఎట్లు పుట్టింతుమను మాట వినబడినంతగా, ఎక్కడ విడుతుమను మాట వినబడలేదు.

అదే కాలమున స్పెయినుదేశమున ఈ విద్య నిజముగా పరీక్షింపబడినది. పిరెనీసు పర్వతములయందు బుకార్దో యను కొండమేకజాతి యుండెను. వేటచే అది క్షీణించి, తుదకొక్క ఆడుది మిగిలెను. 1999లో దాని చర్మకణములు కొన్ని తీసి దాచిరి. 2000 జనవరి 6వ తేదీన అది కూలిన చెట్టుక్రింద చచ్చి పడియుండెను. 2003 జూలై 30న, దాచిన కణములనుండి కల్పించిన పిల్ల యొకటి మఱియొక మేక గర్భమునుండి బయటపడెను. ఊపిరితిత్తులలోని లోపమువలన కొన్ని నిముషములకే కన్నుమూసెను. నశించిన జాతి భూమిమీదికి మరల వచ్చుట అదియే మొదలు. రెండవమారు నశించిన జాతియు అదియొక్కటే. ఒకవేళ ఆ పిల్ల బ్రతికియున్నను ఏమగును? ఒంటరి యాడుది, దానికి జోడు లేదు. దాచియుంచిన కణములన్నియు ఒక్క ఆడుదానివే. బ్రతికించుట వేఱు, బ్రతుకునిచ్చుట వేఱు. తరువాత 2014 మొదలుకొని ఫ్రాన్సువారు స్పెయినునుండి దగ్గరిజాతి కొండమేకలను తెచ్చి ఆ పర్వతములలో విడిచిరి. అవి వృద్ధియగుచున్నవి. కొండ మిగిలియుండెను, గడ్డి మిగిలియుండెను, వేట ఆగెను. పొరుగు మేకలకు అది చాలినది.

మనవారును చివరకు ఈ రెండవ త్రోవనే పట్టిరి. సుప్రీముకోర్టు మొదట నిషేధించి, 2020లో పరీక్షార్థము అనుమతింపగా, 2022 సెప్టెంబరు 17న నమీబియానుండి ఎనిమిదింటిని, 2023 ఫిబ్రవరిలో దక్షిణాఫ్రికానుండి పండ్రెండింటిని మధ్యప్రదేశములోని కూనో వనమునకు తెచ్చిరి. ఇవి మన సివంగులు కావు. ఆసియాజాతి, ఆఫ్రికాజాతి వేలకొలది యేండ్లక్రిందటనే వేఱుపడినవి. ఈ తేడా పుస్తకములలోనిది మాత్రమే కాదని 2023 వర్షాకాలము చూపినది. భూగోళపు దక్షిణార్ధమున జూన్ మొదలు చలికాలము. ఆ దేశపు మృగముల యొడలికి ఆ నెలలలో దట్టమైన బొచ్చు పెరుగుట సహజము. కూనోలో ఆ నెలలు వానలు, ఉక్క. బొచ్చు పెరిగినది, వాన తడిపినది, ఆచూకి తెలియుటకై కట్టిన రేడియో పట్టెడలక్రింద మెడ పుండై, పురుగుపట్టి, రక్తము విషమై కొన్ని చచ్చినవి. శరీరమునకు పంచాంగ మొకటి, నేలకు పంచాంగ మొకటి. జహంగీరు సివంగి పట్టెడ తప్పించుకొని పిల్లలకు తండ్రియయ్యెను. వీనికి ఆ యవకాశము లేకపోయెను.

ఒక పక్షమే చెప్పుట న్యాయము గాదు. 2023 మార్చిలో కూనోలో ఒక యాడుది నాలుగు పిల్లలను కనెను. మూడు మే నెల యెండలకు తాళలేక చచ్చినవి. మిగిలిన ఒక్క ఆడుపిల్లను మనుష్యులు చేతులమీద పెంచిరి. 2025 నవంబరులో అది తానే యైదుపిల్లలకు తల్లియైనది. మన గడ్డపై పుట్టిన సివంగి మరల మన గడ్డపై యీనుట చిన్నసంగతి గాదు. అక్కడి పశువైద్యుల శ్రమను, కావలివారి ఓర్పును మేము మనసార మెచ్చుచున్నాము. సివంగి బ్రతుకలేదని మా వాదము గాదు. దానికొఱకు ఏమి పక్కకు నెట్టబడెనో అది లెక్కలోనికి రావలెనని మాత్రమే.

కూనో వనము సివంగికొఱకు సిద్ధము చేసినది కాదు. గుజరాతులోని గిర్ అడవియందు తప్ప ప్రపంచమున మఱెచ్చటను లేని ఆసియా సింహమునకు రెండవ నివాసముగా దానిని ఏర్పఱచిరి. ఒక్కచోట నున్న జాతికి ఒక్క తెగులు వచ్చినను సర్వనాశనమే గనుక ఆ యాలోచన మంచిది. దానికై 24 గ్రామములను ఖాళీచేయించిరి. ఆ గ్రామస్థులలో ఎక్కువమంది సహరియా యను గిరిజనులు. తరతరముల పొలములు, నూతులు, గుడులు విడిచి వారు బయటికి నడచిరి. సింహములను ఆరుమాసములలో తరలింపుడని సుప్రీముకోర్టు 2013 ఏప్రిలులో ఆజ్ఞాపించినను గుజరాతునుండి ఒక్క సింహమును కదలలేదు. బ్రతికియున్న సింహమునకని బీదలచే త్యాగము చేయించి, ఆ చోటున విదేశపు సివంగిని దింపిరి. సహరియాల త్యాగము దేనికొఱకు జరిగినట్లు? ఈ ప్రశ్న వన్యమృగ శాస్త్రముది కాదు, ధర్మశాస్త్రముది. బ్రతికియుండగా తల్లికి గంజినీళ్లు పోయనివాడు ఆబ్దికమునకు ఊరందఱిని పిలిచి గారెలు పెట్టుట మన యిండ్లలో చూడని సంగతి కాదు గదా!

పునరుజ్జీవన పక్షమువారు ఒక బలమైన మాట చెప్పుదురు. సివంగిపేర గడ్డిబీళ్లకు ధనము వచ్చును, చట్టపు రక్షణ వచ్చును. ఆ నీడన ఇతర ప్రాణులును బ్రతుకునని. పులిపేరిట అడవులు నిలిచిన మాట నిజమే గనుక ఈ మాటను త్రోసివేయరాదు. అట్లు జరిగినచో మేమే ముందుగా సంతసింతుము. కాని కూనోయే గడ్డిబీడు కాదు, చాలవఱకు చెట్ల యడవి. అక్కడ విడిచిన సివంగులు మాటిమాటికి పొలములలోనికి, పొరుగు రాజస్థానములోనికి నడచిపోవుచుండగా మత్తుసూది వేసి మరల తెచ్చుచుండిరి. జంతువు తన కాళ్లతో చెప్పిన మాటను మనము సూదితో ఖండించుచున్నాము.

గడ్డిబీటిపై నిజముగా ప్రేమ గలదేని అందు ఇప్పటికిని బ్రతికియున్న ప్రాణిని చూడవలెను. కర్నూలు ప్రాంతపు రోళ్లపాడులో బట్టమేకపిట్టకొఱకు రక్షితవనము గలదు. అందు ఆ పిట్ట కనబడుటయే అరుదైపోయినది. దేశమంతటను మిగిలినవి 150 ప్రాంతము. వానిలో పెక్కు రాజస్థానపు టెడారిలోనివి. ఆ బరువైన పక్షి ఎదుటనున్న విద్యుత్తు తీగను చూడలేక తగిలి చచ్చుచున్నది. తీగలను భూమిలో పాతుట ఖర్చగు పని. ఏ పత్రికయు బొమ్మవేసి పొగడని పని. దీనికొఱకు కోర్టులలో ఏండ్లతరబడి పెనుగులాడవలసి వచ్చినది.

మన కడపజిల్లాలో మఱియొక పిట్ట గలదు. కలివికోడి యందురు. జెర్డను దొర 1848 ప్రాంతమున దీనిని శాస్త్రలోకమునకు తెలిపెను. 1900 తరువాత ఎవ్వరికిని కనబడలేదు. ఎనుబది యేండ్లు గడచినవి. పండితులు దానిని గతించిన జాతులలోనే చేర్చి మాటాడసాగిరి. 1986 జనవరిలో ఒక స్థానికుడైన వేటగానికి రాత్రివేళ దీపపు వెలుతురులో అది చిక్కెను. ఏ శాస్త్రశాలయు దానిని పుట్టింపలేదు. ఏ విమానమును దానిని మోసి తేలేదు. లంకమల కొండల దాపున, రెవెన్యూవారికి ముండ్లపొదలుగా, ఊరివారికి మేకలబీడుగా నున్న కొంత నేలను ఎవరును ముట్టలేదు. అందువలన అది మిగిలెను. దాని పేరిట శ్రీలంకమల్లేశ్వర రక్షితవనము ఏర్పడినది. తరువాత తెలుగుగంగ కాలువ త్రవ్వకము ఆ పొదల సమీపమునకు వచ్చినప్పుడు, కాలువ దారి మార్పించుటకై కొందఱు ఎన్నియో ఏండ్లు అర్జీలు వ్రాసి, కోర్టుల చుట్టు తిరిగిరి. రాత్రులందు ఆ పొదల నడుమ నిలిచి, మసకచీకటిలో వినబడు దాని కూతకై చెవియొగ్గి, పొలముగట్ల ప్రక్కన అడుగుల జాడలు వెదకుచు వారు ఆ పిట్టకొఱకు కాచుకొనియుండిరి.